నది అడుగున పేరు తెలియని ఓడ: దాన్ని చదవడం ఎలా

(రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లకు మాట వినపడుతోందా? సరే. ముందు ఈ బొమ్మ చూడండి. నది ఒడ్డు, నీళ్లు బాగా తీసినప్పుడు తీసిన బొమ్మ. బురదలోంచి నల్లటి కర్రలు రెండు వరసలుగా పొడుచుకొచ్చాయి. మధ్యలో ఒక పొడవాటి దుంగ. అంతే. తెరచాప లేదు, చుక్కాని లేదు, పేరు రాసిన పలక లేదు.

దీన్ని చూడగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "ఇది ఏ ఓడ?" అని. మనిషి సహజంగా పేరే అడుగుతాడు. ఈ గంటసేపు నేను చెప్పబోయేదంతా ఒక్కటే: ఆ ప్రశ్నను అన్నిటికంటే చివర్న అడగాలి. దీన్ని ఎలా కట్టారు? ఎప్పుడు కట్టారు? ఎక్కడి చెట్లు? ఏం పని చేసింది? ఇక్కడికి ఎలా చేరింది? ఇవన్నీ అడిగాక, జవాబులు కాగితం మీద పెట్టాక, అప్పుడు పేరు. ముందే పేరు పెట్టేస్తే ఏమవుతుంది? ఆ పేరుకు సరిపోయేవే కంటికి కనబడతాయి, సరిపోనివి కనబడవు.

ఇంగ్లండ్ దక్షిణాన హాంబుల్ అని ఒక నది ఉంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు మరీ తీసినప్పుడు మాత్రమే కనిపించే కర్రలు కొన్ని దాని బురదలో ఉన్నాయి. 19వ శతాబ్దంలో అందరూ దాన్ని డేన్‌ల ఓడ అని నమ్మారు. అంటే సుమారు వెయ్యేళ్ల కిందట ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో దండెత్తిన వైకింగుల కాలం. 1933లో నౌకా చరిత్రకారుడు ఆర్.సి. ఆండర్సన్ వెళ్లి కొలిచారు. కొలిస్తే ఏం తేలింది? ఒక పొర ఉండాల్సిన చోట పలకలు మూడు పొరలుగా ఉన్నాయి. కర్రల మందం చూస్తే వైకింగుల ఓడకు పొంతనే లేదు. అది ఐదో హెన్రీ రాజు కోసం కట్టి 1418లో నీళ్లలోకి దించిన 'గ్రాస్ డ్యూ' అనే మహానౌక. 1439 జనవరిలో పిడుగు పడి అక్కడే కాలిపోయింది. నమ్మకానికీ నిజానికీ మధ్య దాదాపు 500 ఏళ్ల తేడా! ఆ తేడా పట్టించింది ఏమిటి? కొలబద్ద. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు పనిలోకి వద్దాం. సముద్రం వేరు, నది వేరు. నదిలో ప్రవాహం ఉంటుంది, ఒండ్రు ఉంటుంది, సముద్రానికి దగ్గరైతే ఆటుపోట్లు ఉంటాయి. డైవర్ చెయ్యి చాచితే తన చెయ్యే తనకు కనిపించని నదులు చాలా ఉన్నాయి. పోటుకూ పాటుకూ మధ్య నీరు నిలకడగా నిలిచే సమయం కొన్ని చోట్ల అరగంట కూడా ఉండదు. పని అంతా ఆ కాస్త సమయంలోనే జరగాలి. అందుకని దిగేముందే ఎవరు ఏ కర్ర కొలవాలో, ఎవరు రాసుకోవాలో ఒడ్డు మీదే తేల్చుకోవాలి. దిగాక మాట్లాడుకుందాం అంటే కుదరదు.

వెతకడానికి సోనార్ ఉంది. నది అడుగు ఆకారాన్ని శబ్దంతో గీసి ఇస్తుంది. మాగ్నెటోమీటర్ ఉంది, అది ఇనుమును పట్టుకుంటుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు. కొయ్య మేకులతో కట్టిన ఓడలో ఇనుము చాలా తక్కువ, మాగ్నెటోమీటర్‌కు అది దాదాపు కనిపించదు. మరోపక్క నది అడుగున పాత గొలుసులు, తీగలు, పైపులు, వంతెన ముక్కలు బోలెడు. అవన్నీ గట్టిగా పలుకుతాయి. కాబట్టి మాగ్నెటోమీటర్ ఏమీ చెప్పలేదని ఓడ లేదనుకోకూడదు, గట్టిగా చెప్పిందని ఓడ ఉందనీ అనుకోకూడదు. రెండు పరికరాల పటాలూ ఒకదాని మీద ఒకటి వేసి చూడాలి. ఒండ్రులో పూర్తిగా మునిగిపోయినదైతే అడుగు పొరల్లోకి దూరే మరో రకం సోనార్ కావాలి.

ఓడ దొరికింది. కర్ర ముట్టుకునేముందు కొలత. చుట్టూ నాలుగైదు చోట్ల కదలని గుర్తులు పాతుతాం. ప్రతి కర్ర కొసకూ ఆ గుర్తుల నుంచి కనీసం మూడు దూరాలు కొలుస్తాం. రెండు చాలవా? రెండు దూరాలతో పటం మీద చోటు తెలుస్తుంది గానీ, తప్పు కొలిచామో లేదో తెలియదు. మూడోది ఆ తప్పును పట్టిస్తుంది. ప్రవాహంలో టేపు విల్లులా వంగుతుంది, కొలత ఎక్కువ చూపిస్తుంది, అది మామూలుగా జరిగే తప్పు. అందుకే టేపును వీలైనంత పొట్టిగా వాడాలి, ప్రవాహానికి అడ్డంగా సాగదీయకూడదు. ప్రతి కర్రకూ ఒక నంబరు బిళ్ల. ఆ బిళ్లను కొట్టే మేకు స్టెయిన్‌లెస్ స్టీలుదో రాగిదో అయి ఉండాలి. మామూలు ఇనుప మేకు కొడితే దాని తుప్పు పాత మేకు తుప్పుతో కలిసిపోతుంది, రేపు ఏది ఓడది, ఏది మనది అని వెతుక్కోవాలి.

ఒడ్డున బయటపడినదైతే ఫొటోలతో త్రీడీ నమూనా తీయొచ్చు. ఒక ఫొటోకూ తర్వాతి ఫొటోకూ 70 శాతం దాకా అదే దృశ్యం రావాలి. ఎండ నేరుగా పడకూడదు, మబ్బు పట్టిన రోజు మంచిది. తడి కర్ర మెరిసినచోట కంప్యూటర్ దారి తప్పుతుంది. ఫ్రేములో కొలబద్ద లేకపోతే నమూనా అందంగానే వస్తుంది, కానీ దాని సైజు ఎవరికీ తెలియదు. అలాంటి నమూనా ఎందుకు పనికొస్తుంది చెప్పండి?

ఇప్పుడు అసలు చదువు మొదలు. మొదటి అక్షరం: పలకలు ఒకదానితో ఒకటి ఎలా కలిశాయి?

పెంకుటింటి కప్పులాగా కింది పలక అంచు మీదికి పై పలక ఎక్కి ఉంటే అది క్లింకర్ పద్ధతి, ఉత్తర ఐరోపా సంప్రదాయం. పలకలు అంచుకు అంచు ఆనుకుని, పైన నున్నగా ఉంటే కార్వెల్ పద్ధతి. 15వ శతాబ్దం నుంచి అట్లాంటిక్ తీరంలో పెద్ద ఓడలన్నీ మెల్లగా దీనివైపు మళ్లాయి. పలక అంచుల్లో బెజ్జాలు తొలిచి, వాటిలో కుసులు, అంటే చిన్న కొయ్య నాలుకలు, దిగేసి, అడ్డంగా కొయ్య సీల కొట్టి ఉంటే? అది ప్రాచీన మధ్యధరా పద్ధతి, గ్రీకు, రోమన్ కాలాలది. పలకలను తాడుతో కుట్టి ఉంటే, ఆ తాడు కొబ్బరి పీచుదైతే, చూపు హిందూ మహాసముద్రం వైపు తిరుగుతుంది. వడ్రంగం తెలిసినవాళ్లు ఇక్కడ ఉంటే వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అతుకు చూస్తే పనివాడు ఏ ఊరి బడిలో నేర్చుకున్నాడో తెలుస్తుంది.

పలకల సందుల్లో ఏం కూరారో కూడా చూడాలి. జంతువుల వెంట్రుకలా, నాచా, పాత తాడు పీచా? జర్మనీలో వేసర్ నదిలో 1962లో పూడిక తీస్తుంటే బయటపడ్డ బ్రెమెన్ కాగ్ అనే మధ్యయుగపు సరుకుల ఓడ సంగతి చూడండి. ఆ రకం ఓడల సందుల్లో నాచు కూరి, దానిమీద సన్నని బద్ద పెట్టి, చిన్న చిన్న ఇనుప బందులతో బిగిస్తారు. ఒకే వరసలో వందల బందులు. కాగ్ అనే ఓడలు అంతవరకూ ఎలా తెలుసు? పాత కాగితాల్లోనూ, మధ్యయుగపు నగరాల రాజముద్రల మీద బొమ్మల్లోనూ. ముద్ర మీద చూసిన నిలువు కొస, ఎత్తైన పక్కలు నదిలో కర్రగా కనబడ్డాయి.

రెండో అక్షరం: మేకులు, రేకులు, రంపపు గీతలు. ఇవి చిన్నవే, కానీ తారీఖు పట్టుకోవడానికి వీటంత పనికొచ్చేవి తక్కువ. పలక మీద రంపపు గీతలు తిన్నగా ఉంటే చేతిరంపం, లేదా పైకీ కిందికీ ఆడే మిల్లు రంపం. గీతలు విల్లులా వంగి ఉంటే గుండ్రటి రంపం, అంటే దాదాపుగా 19వ శతాబ్దమో ఆ తర్వాతో. ఓడ అడుగుకు రాగిరేకు తొడిగి ఉంటే? బ్రిటిష్ నౌకాదళం 1761లో 'అలార్మ్' అనే ఓడ మీద దాన్ని మొదట పరీక్షించింది. పురుగు పట్టదు, నాచు పట్టదు, ఓడ వేగంగా పోతుంది. కానీ ఏమైంది? ఉప్పునీళ్లలో రాగీ ఇనుమూ పక్కపక్కనే ఉంటే ఇనుము కరిగిపోతుంది. రాగిరేకు కింద ఇనుప బోల్టులు తినేసుకుపోయి ఓడలు విచ్చుకున్నాయి. అందుకని 1780ల నుంచి బోల్టులు కూడా రాగితోనో రాగి మిశ్రమంతోనో చేయడం మొదలుపెట్టారు. ఇంకొకటి. ఆ రేకు పచ్చటి రాగి, జింకు మిశ్రమమైతే, సుమారు అరవై పాళ్లు రాగి, నలభై పాళ్లు జింకు, దాన్ని మంట్జ్ లోహం అంటారు. దాని పేటెంటు 1832లో వచ్చింది. మీ ఓడకు ఆ రేకు ఉందా? అయితే ఆ రేకు 1832 కంటే ముందుది కాదు. రేకు అన్నాను, ఓడ అనలేదు. పాత ఓడకు కొత్త రేకు వేసి ఉండొచ్చు. ఈ తేడా మరిచిపోతే ఓడ వయసు 30 ఏళ్లు తప్పుతుంది.

మూడో అక్షరం కర్ర. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ఏ చెట్టో తెలియాలంటే కంటిచూపు చాలదు. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన కర్ర ఏదైనా నల్లగానే ఉంటుంది. అడ్డకోత, నిలువుకోత రెండు దిక్కుల్లో, మొత్తం మూడు పల్చటి పొరలు బ్లేడుతో తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. ఓక్ అంటే ఐరోపా, ఉత్తర అమెరికా. టేకు అంటే మన వైపు, ఆగ్నేయాసియా వైపు చూడాలి. కానీ టేకు కనబడగానే తూర్పుదేశపు ఓడ అనేయకండి. బొంబాయిలో టేకుతో కట్టిన యుద్ధనౌకలు బ్రిటిష్ నౌకాదళంలో పనిచేశాయి. 1817లో బొంబాయిలో నీళ్లలోకి దించిన 'ట్రింకోమలీ' ఇవాళ్టికీ ఇంగ్లండ్‌లో హార్ట్‌లీపూల్‌లో తేలుతూ ఉంది.

తర్వాత వలయాల లెక్క. చెట్టు ఏడాదికో వలయం వేస్తుంది. వానలు బాగా పడ్డ ఏడు వెడల్పుగా, కరువు ఏడు సన్నగా. ఒక ప్రాంతంలో చెట్లన్నీ ఇంచుమించు ఒకేలా వేస్తాయి. ఆ ప్రాంతపు పాత ఇళ్ల దూలాల నుంచి వందల ఏళ్ల వలయాల వరస కట్టి ఉంటే, మన ఓడ కర్ర వరసను దానిమీద జరుపుకుంటూ పోయి ఎక్కడ అతుకుతుందో చూస్తాం. అతికితే రెండు సంగతులు ఒకేసారి తెలుస్తాయి: ఏ ఏడు నరికారు, ఏ ప్రాంతంలో పెరిగింది.

దీనికి ఎలాంటి ముక్క కావాలి? కనీసం 50 వలయాలు ఉండాలి, 80, 100 ఉంటే ధైర్యంగా చెప్పొచ్చు. ఒక్క కర్ర చాలదు, ఎనిమిది పది కర్రలైనా కావాలి. ముక్క సుమారు 5 సెంటీమీటర్ల మందం. అన్నిటికంటే ముఖ్యం, బెరడు వైపు అంచు. చెట్టు మధ్యలో ఉండేది చేవ, దాని చుట్టూ బెరడు కింద ఉండేది లేత కర్ర. పనివాళ్లు ఆ లేత కర్రను చాలాసార్లు చెక్కి పారేస్తారు, అది త్వరగా పుచ్చుతుంది కాబట్టి. అది పోతే చివరి వలయాలు పోయినట్టే, నరికిన ఏడు పోయినట్టే. లేత కర్ర కొంచెమైనా మిగిలితే లెక్క కట్టొచ్చు. ఇంగ్లండ్ ఓక్‌కైతే లేత కర్రలో సాధారణంగా 9 నుంచి 41 వలయాలు ఉంటాయి, ఆ మేరకు అంచనా వేస్తాం. బెరడే మిగిలి ఉంటే? అప్పుడు ఏ ఏడో ఏ కాలమో కూడా చెప్పొచ్చు. కాబట్టి రంపం పెట్టేముందు ఓడ చుట్టూ తిరిగి బెరడు అంచు ఎక్కడుందో వెతకండి. చేతికి అందిన కర్ర కొయ్యడం ఇక్కడ జరిగే పెద్ద తప్పు.

కోసిన ముక్కను ఆరనివ్వకూడదు. తడిగానే ప్లాస్టిక్ పొరలో చుట్టి, లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ. చీటీ నీటికి తట్టుకునే కాగితం, రాత పెన్సిల్‌తో. ప్రయోగశాలలో ఆ ముక్కను గడ్డకట్టించి పదునైన బ్లేడుతో పైపొర తీస్తారు, అప్పుడు వలయాలు తేటగా కనిపిస్తాయి. మెత్తబడ్డ కర్రను అలాగే గీస్తే కణాలు నలిగిపోతాయి.

ఇప్పుడు న్యూపోర్ట్ ఓడ కథ. వేల్స్ దేశంలో అస్క్ నది ఒడ్డున 2002లో ఒక రంగస్థల భవనానికి పునాదులు తవ్వుతుంటే బయటపడింది. కాంక్రీటు స్తంభాలు అప్పటికే ఓడలోంచి దిగిపోయాయి. క్లింకర్ పద్ధతి, 30 మీటర్ల పైచిలుకు పొడవు. విడదీసి తీస్తే దాదాపు 2000 ఓడ కర్రలు. వలయాలు చూశారు. బ్రిటన్ వరసలతో పోల్చారు, అతకలేదు. ఉత్తర ఐరోపా వరసలతో పోల్చారు, అతకలేదు. ఏళ్లు గడిచాయి. మరి ఆ 'అతకలేదు' అనేది వైఫల్యమా? కాదండీ, అది కూడా సాక్ష్యమే. బాగా తెలిసిన ప్రాంతాలన్నీ కాదంటున్నాయంటే, వరస ఇంకా కట్టని ప్రాంతం ఏదో ఉందని అర్థం. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతపు వరసలు తయారయ్యాక, ఓడ దొరికిన పదేళ్లు దాటాక, అతికింది. 1449 ప్రాంతంలో నరికిన బాస్క్ చెట్లు.

ఈలోగా కీల్, ముందు కొస కలిసే అతుకులో ఒక వెండి నాణెం దొరికింది. కీల్ అంటే ఓడ వెన్నెముక, మొదట వేసే దుంగ. ఓడ కట్టేటప్పుడు శుభానికి అక్కడ పెట్టింది. ఫ్రాన్స్‌లో క్రెమియూ టంకశాలలో 1447లో కొట్టిన నాణెం. ఇప్పుడు చెప్పండి, నాణెం ఒక్కటే చూస్తే మనం ఏమనేవాళ్లం? ఫ్రెంచి ఓడ అనేవాళ్లం. నాణెం చేతులు మారుతుంది, ఊళ్లు తిరుగుతుంది. అడవి తిరగదు. నాణెం చెప్పింది ఒక్కటే, 1447 కంటే ముందు ఈ అతుకు వెయ్యలేదు అని. కర్ర చెప్పింది ఎక్కడ, ఎప్పుడు అని. రెండూ ఒకదాన్నొకటి బలపరిచాయి, కానీ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు అవి. ఓడ కింద ఆసరాగా పెట్టిన కర్రలు 1468 తర్వాతివి. అంటే మరమ్మతుకు లోపలికి తెచ్చారు, అక్కడే ఒరిగింది, ఇక లేవలేదు. పుట్టుక తెలుసు, చావు తెలుసు. పేరు? ఇవాళ్టికీ న్యూపోర్ట్ ఓడ అనే అంటున్నారు.

కర్రతో ఒక జాగ్రత్త చెప్పి ముందుకెళ్తాను. కర్ర పెరిగిన చోటే ఓడ కట్టిన చోటు అని గుడ్డిగా అనుకోవద్దు. బాల్టిక్ తీరం నుంచి ఓక్ పలకలు మధ్యయుగంలో పడమటి దేశాలకు పడవలకొద్దీ వెళ్లాయి. పలకలు ఒక దేశానివి, పక్కటెముకలు, అంటే పలకలను లోపలి నుంచి పట్టి ఉంచే వంపు కర్రలు, ఇంకో దేశానివి కావచ్చు. వంకర తిరిగిన పెద్ద పక్కటెముక కర్రల్ని దూరం మోసుకెళ్లడం కష్టం కాబట్టి, కట్టిన చోటు గురించి అవి కొంచెం నమ్మకంగా మాట్లాడతాయి. అందుకే నమూనాలు రెండు రకాల కర్రల నుంచీ తీయాలి.

కార్బన్ పరీక్ష సంగతి ఎవరో ఇందాక అడిగారు. పనికొస్తుంది, కానీ చివరి 300 ఏళ్ల ఓడకు చాలా తక్కువ. 1650 తర్వాత వాతావరణంలో కార్బన్-14, అంటే ఈ పరీక్ష కొలిచే రకం కార్బన్, ఎక్కుతూ దిగుతూ ఉండటంతో ఒకే కొలతకు మూడు నాలుగు తారీఖులు వస్తాయి. పైగా 200 ఏళ్ల చెట్టు నడిబొడ్డున ముక్క తీస్తే, ఓడ తారీఖుకు 200 ఏళ్లు ముందు చూపిస్తుంది. వలయాలు లెక్కపెట్టి, పదేసి వలయాల దూరంలో నాలుగైదు నమూనాలు తీసి కలిపి లెక్కిస్తే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. వలయాల వరసలు కట్టని ప్రాంతాల కర్రకు ఇదే దారి.

ఇక ఓడలోపలి వస్తువులు. నదిలో ఇవే ఎక్కువ మోసం చేస్తాయి. నది రోజూ ఏదో ఒకటి తెచ్చి పడేస్తుంది. ఓడ మీద దొరికిన పింగాణీ పెంకు ఓడది కానక్కర్లేదు. దేన్ని నమ్మాలి? లోపలి నేల పలకల కింద, పక్కటెముకల మధ్య చిక్కిన బురదను. ఆ చోటికి బయటి నుంచి వస్తువు చేరడం కష్టం. ఆ బురదంతా జల్లెడ పట్టాలి: గింజలు, పురుగుల రెక్కలు, చేప ముళ్లు, తాడు ముక్కలు, గుండీలు. బరువు కోసం వేసే రాళ్లు, బల్లాస్టు, చూసి భూగర్భ శాస్త్రజ్ఞులు ఏ ప్రాంతపు రాయో చెబుతారు. కానీ బల్లాస్టు రేవు రేవుకూ మారుతుంది. అది చెప్పేది చివరి ప్రయాణం గురించి, పుట్టిన ఊరు గురించి కాదు.

కర్రను తినే ఓడపురుగు కూడా ఒక సాక్షి. అది ఉప్పునీళ్లలో బతుకుతుంది, నది మంచినీళ్లలో చస్తుంది. మంచినీటి నదిలో పడున్న ఓడ కర్రలో పురుగు తొలిచిన సొరంగాలు ఉన్నాయంటే, ఆ ఓడ సముద్రం తిరిగి వచ్చింది. న్యూయార్క్‌లో 2010లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ స్థలంలో తవ్వుతుంటే ఒక ఓడ అడుగు దొరికింది. ఒకప్పుడు హడ్సన్ నదిని పూడ్చి చేసిన నేల అది. వలయాలు చూస్తే ఫిలడెల్ఫియా ప్రాంతపు ఓక్, 1773 ప్రాంతంలో నరికినది. కర్రలో ఓడపురుగు తొలిచిన గుర్తులు ఉన్నాయి, అంటే వెచ్చని ఉప్పునీళ్లు చూసొచ్చింది. పేరు దానికీ లేదు.

ఆ ఓడ మునగలేదు కూడా, ఒడ్డు పూడ్చడానికి వాడేశారు. నదుల్లో ఇది చాలా మామూలు. ముసలి ఓడను ఒడ్డుకు లాగి వదిలేస్తారు, గట్టు కోతకు గురికాకుండా అడ్డం పెడతారు, శత్రువు రాకుండా దారికి అడ్డంగా ముంచుతారు. 1781లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధపు యార్క్‌టౌన్ ముట్టడిలో, బ్రిటిష్ వాళ్లు యార్క్ నదిలో తమ ఓడల్నే ముంచారు. అందులో ఒకదాని చుట్టూ 1980ల్లో స్టీలు పలకల గోడ కట్టి, లోపలి నీటిని వడగట్టి తేటపరిచి తవ్వారు. నది కంటిచూపు ఇవ్వకపోతే ఇలా చూపు కొనుక్కోవాలి, ఖర్చు చాలా ఎక్కువ. సరే, కావాలని ముంచిన ఓడ ఎలా తెలుస్తుంది? లోపల సామాను ఉండదు. లంగరు, కప్పీలు, తాళ్లు, విలువైనవన్నీ ముందే ఊడదీసి ఉంటారు. అడుగున లోపలి నుంచి తొలిచిన కంత ఉంటుంది. ప్రమాదంలో పోయినదైతే మనుషుల చెప్పులు, వంటపాత్రలు అక్కడే ఉంటాయి.

ఇప్పుడు పేరు. ఇప్పుడు అడగొచ్చు. ఎలా? పేర్ల జాబితా తీసుకుని ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోవాలి. మీ కొలతలకు సరిపోని పేర్లన్నీ పోగా మిగిలింది పేరు. దీనికి అమెరికాలో అలబామా రాష్ట్రపు మొబైల్ అనే నదిలో దొరికిన 'క్లోటిల్డా'ను మించిన ఉదాహరణ లేదు.

బయటి దేశాల నుంచి బానిసల్ని తేవడం అమెరికాలో 1808 నుంచి నేరం. అయినా 1860లో క్లోటిల్డా అనే ఓడ ఆఫ్రికా నుంచి 110 మందిని దొంగతనంగా అలబామాకు తెచ్చింది. సాక్ష్యం మిగలకూడదని కెప్టెన్ విలియం ఫోస్టర్ ఓడను తగలబెట్టి నదిలో ముంచేశాడు. ఆ మనుషులు, వాళ్ల పిల్లలు దగ్గర్లోనే ఆఫ్రికాటౌన్ అనే ఊరు కట్టుకుని బతికారు. ఆ ఓడే లేదని చాలామంది వాదించారు. వాళ్ల పూర్వీకుల కష్టాన్నే కట్టుకథ అన్నారు. కాబట్టి ఈ ఓడను గుర్తించడం ఊరికే కుతూహలం కోసం కాదు.

2018 జనవరిలో నీళ్లు అసాధారణంగా తీసి ఒక ఓడ బయటపడింది. ఇదే క్లోటిల్డా అని ప్రపంచమంతా వార్త పాకింది. కొన్ని వారాలకు నిపుణులు వెళ్లి కొలిచారు. చాలా పెద్దది, క్లోటిల్డా కాదు. మళ్లీ కొలబద్దే! ఆ ఊరివాళ్ల మనసు అప్పుడు ఎలా ఉండుంటుందో ఆలోచించండి. తొందరపడి పెట్టిన పేరుకు మూల్యం చెల్లించేది మనం కాదు, వాళ్లు.

తర్వాత నదిని పద్ధతిగా గాలించారు. ఓడల శ్మశానంలాంటి ఒక పాయలో ఎన్నో ఓడలు దొరికాయి. వాటిలో ఒకటి. రిజిస్ట్రేషన్ కాగితాల్లో క్లోటిల్డా పొడవు 86 అడుగులు, వెడల్పు 23 అడుగులు, లోతు 6 అడుగుల 11 అంగుళాలు, కట్టింది 1855లో. ఆ కాలంలో గల్ఫ్ తీరంలో తిరిగిన దాదాపు 2000 ఓడల వివరాలు పరిశోధకులు పరిశీలించారు. ఆ తీరంలోనే కట్టిన ఓడల్లో ఈ పొడవు, ఈ వెడల్పు, ఈ లోతు ఉన్నది ఒక్కటే. ఇక కర్ర: పక్కటెముకలు తెల్ల ఓక్, పలకలు దక్షిణాది పైన్, కాగితాలతో సరిపోయింది. మేకులు చేత్తో కొట్టినవి. కాలిన గుర్తులు ఉన్నాయి. పడి ఉన్న చోటు సరిపోయింది. ఒక్క గుర్తూ ఒంటరిగా సరిపోదు, అన్నీ ఒకే దిక్కు చూపాలి, ఏదీ ఎదురు తిరగకూడదు. 2019 మేలో అలబామా చరిత్ర సంఘం ప్రకటించింది. ఓడ పేరు రాసిన పలక దొరికిందా? దొరకలేదు. అయినా పేరు నిలబడింది.

19వ శతాబ్దపు బ్రిటిష్ ఓడలు చూసేవాళ్లకు ఒక చిట్కా. 1850ల నుంచి ఓడకు అధికారిక నంబరు ఇచ్చి, నమోదైన టన్నులతో పాటు ప్రధాన అడ్డదూలం మీద చెక్కించేవారు. ఆ దూలం దొరికితే పని సగం అయిపోయినట్టే. బురదలో దాని కోసం వేళ్లతో తడుముతూ వెతకండి, కంటికి కనబడని చెక్కుడు వేలికి తగులుతుంది.

చివరిగా, పైకి తీయాలా వద్దా. నీళ్లలో నానిన కర్రలో గట్టిదనం ఇచ్చే పదార్థం చాలావరకు పోయి ఉంటుంది. కణాల్లో నీళ్లే ఆకారాన్ని నిలబెడుతుంటాయి. ఎండలో పెడితే నీళ్లు పోతాయి, కణాలు కుప్పకూలతాయి, పలక ముడుచుకుని పగిలి పొట్టులా రాలుతుంది. కొన్ని రోజుల పని అది. దాన్ని తిరిగి మామూలుగా చెయ్యలేం. అందుకే నీటి స్థానంలో పాలిథిలిన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థాన్ని మెల్లగా ఎక్కిస్తారు. మెల్లగా అంటే ఎంత? బ్రెమెన్ కాగ్ 1962లో దొరికింది, తొట్టెలో 1981 నుంచి 1999 దాకా ఉంది, 2000లో జనం చూశారు. అంటే 38 ఏళ్లు. ఇంత ఓపిక, డబ్బు, చోటు ఉంటేనే తీయాలి. 2001 నాటి యునెస్కో ఒప్పందం కూడా ఉన్నచోటే కాపాడటాన్ని మొదటి మార్గంగా చూడమంటుంది. కొలిచి, నమూనాలు తీసి, పైన బట్టలాంటి పొర పరిచి, ఇసుక బస్తాలు పేర్చి మళ్లీ ఒండ్రుతో కప్పేస్తే గాలి తగలక ఇంకా చాలాకాలం నిలుస్తుంది. నది కోత పెడుతుందేమో మాత్రం ఏటా వెళ్లి చూడాలి. ఒకసారి కప్పేసి మరిచిపోతే ప్రవాహం బస్తాల అంచు కింద గుంత చేస్తుంది, అక్కడి నుంచే ఓడ తెరుచుకుంటుంది.

ప్రశ్నలు ఉన్నాయా? ఆ, చెప్పండి అమ్మా.

అమ్మగారు అడుగుతున్నారు, నది ఒడ్డున ఇలాంటి కర్రలు కనబడితే మామూలు మనిషి ఏం చెయ్యాలి అని. మంచి ప్రశ్న. లాగకండి. ఒక్క మేకు కూడా పీకకండి, ఆ మేకు ఏ కర్రలో ఏ దిక్కున ఉందో అదే సమాచారం. పక్కన చెప్పో కర్రో ఏదైనా తెలిసిన పొడవున్న వస్తువు పెట్టి ఫొటోలు తీయండి: దూరం నుంచి ఒడ్డు కనిపించేలా కొన్ని, దగ్గర నుంచి పలకల అతుకు కనిపించేలా కొన్ని. ఫోన్‌లో స్థానం గుర్తించి, తారీఖూ సమయమూ రాసుకోండి. నీళ్లు ఎంత తీసి ఉన్నాయో కూడా రాయండి, మళ్లీ ఎప్పుడు కనబడుతుందో దాన్నిబట్టే లెక్క కడతారు. పురావస్తు శాఖకు చెప్పండి. చోటు మాత్రం అందరికీ చాటకండి, రాగి మేకుల కోసం రాత్రికి రాత్రే కోసుకుపోయేవాళ్లు ఉంటారు. అప్పటికే ఎవరో ఒక కర్ర ఊడదీసి ఒడ్డున పడేసి ఉంటే, దాన్ని నీడలోకి జరిపి, తడి గోనె కప్పి, మీద ప్లాస్టిక్ చుట్టండి. ఎవరైనా వచ్చేదాకా ఆ గోనె ఆరకుండా నీళ్లు చల్లుతూ ఉండండి.